పైన గడ్డకట్టి, కింద వేడెక్కిన మా డబుల్ డోర్ ఫ్రిజ్

మే నెల రెండో వారం. పొద్దున్నే కాఫీకి పాలు పొయ్యి మీద పెడితే విరిగిపోయాయి. రాత్రి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టిన ప్యాకెట్టే అది. పాలే మంచివి కావేమో అనుకుని రెండో ప్యాకెట్ కత్తిరించాను, అదీ అంతే. ఫ్రిజ్ తలుపు మళ్లీ తీసి చూస్తే, ముందురోజు రుబ్బిన ఇడ్లీ పిండి పొంగి, గిన్నె అంచు దాటి, కింది అరలోకి కారింది. లోపల చెయ్యి పెడితే చల్లదనమే లేదు. పైన ఫ్రీజర్‌లో మాత్రం ఐస్ ట్రే రాయిలా గడ్డకట్టి ఉంది.

నాకు పాల గురించి కాదు బెంగ. నాన్నకి పదేళ్లుగా షుగర్. తెరవని ఇన్సులిన్ పెన్నులు నాలుగు డబ్బాతో సహా ఆ ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. బెజవాడలో ఆ వారం బయట 43. డబ్బా పట్టుకుని పక్కింటికి పరిగెత్తాను. పిన్నిగారు ఏమీ అడక్కుండానే తన ఫ్రిజ్‌లో మధ్య అర ఖాళీ చేసి ఇచ్చారు.

తొమ్మిదింటికల్లా ఒక మెకానిక్‌ని పిలిపించాం. వచ్చాడు, ఫ్రిజ్ పక్కగోడ మీద చెయ్యి వేశాడు, వెనక్కి వంగి కంప్రెసర్‌ని ముట్టుకుని చూశాడు. "గ్యాస్ అయిపోయిందమ్మా, నింపాలి. మూడు వేల ఐదొందలు" అన్నాడు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. "గ్యాస్ అయిపోతే పైన ఐస్ ఎలా కడుతోంది?" అని అడిగాను. "సగం పోయింది" అన్నాడు. నాన్న అప్పటికే పర్సు తీస్తున్నారు. పది నిమిషాల్లో పని అయిపోతే చాలని ఆయన ఆత్రం. సాయంత్రం ఫోన్ చేస్తామని చెప్పి నేనే పంపించేశాను.

మా వీధి చివర ముప్పై ఏళ్లు ఫ్రిజ్‌లు బాగుచేసిన బాబాయి ఒకాయన ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో కొట్టు మూసేశారు. మొహమాటపడుతూనే వెళ్లి చెప్పాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది: "అమ్మాయ్, రాత్రిళ్లు ఫ్రిజ్ వెనక ట్రేలో నీళ్లు పడే చప్పుడు వినపడుతోందా?"

అలాంటి చప్పుడు ఒకటి ఉంటుందనే నాకు తెలియదు. ఇంటికొచ్చి ఫ్రిజ్‌ని ముందుకు లాగి వెనక టార్చ్ వేశాను. కంప్రెసర్ మీద ప్లాస్టిక్ ట్రే ఉంది. దాని అడుగున దుమ్ము పొడిపొడిగా ఉంది. నీటి చుక్క లేదు. అదే చెప్తే బాబాయి చెప్పులేసుకుని నాతో పాటే బయల్దేరారు.

రాగానే ఫ్రీజర్ తలుపు తీసి, చౌకట్టులో ఉన్న చిన్న స్విచ్‌ని వేలితో నొక్కిపట్టి, లోపల గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టమన్నారు. తలుపు తీస్తే ఆ స్విచ్ ఫ్యాన్‌ని ఆపేస్తుంది, అందుకే నొక్కిపట్టాలి. ఫ్యాన్ తిరుగుతున్న మోత వినపడుతోంది కానీ చేతికి గాలి తగలడం లేదు. కింది అరల వెనకున్న కంతల దగ్గరా అంతే.

అప్పుడు చెప్పారాయన. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ పెట్టెనే చుట్టుకుని కూలింగ్ కాయిల్ ఉంటుంది, మంచు కళ్లెదుటే పేరుకుంటుంది, మధ్యలో బటన్ నొక్కి మనమే కరిగించుకుంటాం. డబుల్ డోర్‌లో కాయిల్ కనపడదు. ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ పలక చాటున ఉంటుంది. కింది భాగానికి వేరే కాయిల్ లేదు. పైన ఒక్క కాయిల్ చల్లబడుతుంది, ఫ్యాన్ ఆ చల్లగాలిని సగం ఫ్రీజర్‌లోకి ఊదుతుంది, మిగతాది డ్యాంపర్ అనే చిన్న తలుపు గుండా కిందికి దిగుతుంది. ఆ దారి మూసుకుపోతే పైన గడ్డకడుతూనే ఉంటుంది, కింద పిండి పొంగుతుంది. కింద చల్లబడలేదు కాబట్టి థర్మోస్టాట్ కట్ అవదు, కంప్రెసర్ రాత్రింబవళ్లు దాదాపు ఆగకుండా తిరుగుతుంది. మా కరెంటు బిల్లు కిందటి నెల ఎందుకు పెరిగిందో అప్పుడు అర్థమైంది. కూలర్ వల్ల అనుకున్నాం.

ప్లగ్ పీకేసి, ఫ్రీజర్ ఖాళీ చేసి, వెనక పలక స్క్రూలు రెండూ విప్పాను. పలక రాలేదు, మంచుకి అతుక్కుపోయింది. లాగబోతే బాబాయి చెయ్యి అడ్డంపెట్టారు. వేడినీళ్ల గిన్నె లోపల పెట్టించి తలుపు మూయించారు. పావుగంటకి పలక దానంతట అదే వదులైంది.

పలక తీయగానే ఒక్కసారి నోట మాట రాలేదు. కాయిల్ ఎక్కడుందో తెలియలేదు. పై నుంచి కింది దాకా ఒకటే తెల్లటి గోడ, సున్నం కొట్టినట్టు. వేలితో గీస్తే పైపొర నురగలా రాలింది, లోపల గాజులా గట్టిది. గాలి పోవడానికి సూది మోపేంత సందు లేదు. బాబాయి టార్చ్ పట్టుకుని ఎడమ నుంచి కుడికి మెల్లగా చూపించారు: "చూశావా, అంతటా సమానంగా పట్టింది. గ్యాస్ నిండుగా ఉందని ఇదే సాక్ష్యం. గ్యాస్ కారిపోయుంటే మొదటి రెండు మూడు వరసల మీదే మంచు ఉండేది, మిగతా కాయిల్ బోడిగా ఉండేది. పైనా కిందా రెండూ వేడెక్కేవి."

ఇంకో మాట కూడా చెప్పారు. ఫ్రిజ్‌లో గ్యాస్ బండిలో పెట్రోల్ లాగా వాడితే తరిగేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లి పడ్డట్టే, ఆ చిల్లి చూపించకుండా గ్యాస్ నింపుతానంటే ఒప్పుకోకూడదు. మరి నింపించుకున్న వాళ్లకి ఫ్రిజ్ పనిచేస్తుందిగా అన్నాను. పనిచేస్తుంది, వారం పది రోజులు. గ్యాస్ నింపేటప్పుడు ఫ్రిజ్ ఎలాగూ గంటలకొద్దీ ఆగి ఉంటుంది, ఆ మంచు కరుగుతుంది, గాలి దారి తెరుచుకుంటుంది. మంచు మళ్లీ పేరుకునేసరికి ఫ్రిజ్ మళ్లీ మొదటికొస్తుంది. ఈ సంగతి విన్నాక మూడు వేల ఐదొందల కంటే నాన్న అమాయకత్వమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మనలాంటి ఇళ్లు ఎన్ని ఇలా రెండేసి సార్లు డబ్బు కట్టి ఉంటాయో.

ఆ రాత్రంతా తలుపులు బార్లా తెరిచి, కింద పాత దుప్పట్లు పరిచి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాం. కత్తితోగానీ స్క్రూడ్రైవర్‌తోగానీ మంచు పొడవొద్దని బాబాయి రెండుసార్లు చెప్పి వెళ్లారు. కాయిల్ పల్చటి అల్యూమినియం. ఒక్క గుచ్చుకి గ్యాస్ మొత్తం పోతుంది, అప్పుడు నిజంగానే వేలు అవుతాయి. రాత్రి మూడుసార్లు లేచి దుప్పట్లు పిండాను.

తెల్లారేసరికి కాయిల్ కనపడింది. దాని అడుగున గాజు గొట్టంలో హీటర్, పైన గొట్టానికి క్లిప్పుతో పట్టించిన రూపాయి బిళ్లంత బైమెటల్ (వేడిని బట్టి పనిచేసే స్విచ్), దాని పక్కన ఒక ఫ్యూజ్. ఫ్రిజ్ ఆన్ చేస్తే అమ్మ "బాగైపోయిందిగా" అంది. ఇంకో వారం బాగానే ఉంటుందని అప్పటికి నాకు తెలుసు. మంచు కరిగించాం అంతే, మంచు ఎందుకు కరగకుండా ఉండిపోయిందో ఇంకా పట్టుకోలేదు.

కరగడం ఎలా జరగాలో ఇక్కడ చెప్పాలి. టైమర్ అని ఒకటుంటుంది. కంప్రెసర్ కొన్ని గంటలు నడిచాక అది కంప్రెసర్‌ని ఆపి, కరెంటుని హీటర్ వైపు తిప్పుతుంది. కాయిల్ బాగా చల్లగా ఉన్నప్పుడే బైమెటల్ లోపల అతుక్కుని హీటర్‌కి కరెంటు పోనిస్తుంది, మంచు కరిగి కాయిల్ సుమారు పది డిగ్రీలు దాటగానే విడిపోయి ఆపేస్తుంది. అది విడిపోక హీటర్ అలా కాలుతూనే ఉంటే, చివరి కాపలాగా ఫ్యూజ్ ఉంటుంది, సుమారు 72 డిగ్రీల దగ్గర తెగిపోతుంది. కరిగిన నీళ్లు కాయిల్ కింది కంత గుండా గొట్టంలోకి దిగి, వెనక ట్రేలో పడి, కంప్రెసర్ వేడికి ఆవిరైపోతాయి. టైమర్, హీటర్, బైమెటల్, ఫ్యూజ్, ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి పోయినా కథ ఒకటే.

బాబాయి తన మల్టీమీటర్ తెచ్చారు. ప్లగ్ పీకి, వైర్ల కనెక్టర్లు విప్పి, ఒక్కొక్కటీ నాతోనే చూపించారు. హీటర్ 340 ఓమ్‌లు చూపించింది. 230 వోల్టుల మీద 150 వాట్ల హీటర్‌కి 350 దాకా ఉండాలని లెక్క, కాబట్టి అది మంచిదే. ఫ్యూజ్‌కి పెడితే మీటర్ బీప్ కొట్టింది, అంటే లోపల దారి తెగలేదు. టైమర్ కొనను స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పితే టక్కుమని మారింది, మీటర్లో ఒక దారి తెగి రెండో దారి తెరుచుకుంది.

బైమెటల్ దగ్గరే ఓపిక పట్టాలి. అది గది వేడిలో బీప్ కొట్టదు. కొట్టకూడదు కూడా. అందుకని ఒక స్టీలు గ్లాసులో పిన్నిగారింటి ఐసు, గుప్పెడు కళ్లుప్పు వేసి, బైమెటల్‌ని సన్నటి పాలిథిన్ కవర్‌లో చుట్టి ముంచాం. ఉప్పు కలిస్తే ఐసు సున్నా కంటే బాగా కిందికి దిగుతుంది. పది నిమిషాలు. గ్లాసు బయట తెల్లగా మంచు పట్టింది. మీటర్ ముళ్లు పెట్టాను, మూగగా ఉంది. ఇంకో పది నిమిషాలు ఆగాను, అదే మూగతనం. బయటికి తీసి చూస్తే దాని మూత కొంచెం ఉబ్బి ఉంది, లోపలికి నీరు చేరినట్టుంది. ఇంత అల్లరికీ కారణం ఆ బిళ్లే.

వైర్లు రెండూ డైరెక్ట్‌గా కలిపేస్తే సరిపోదా అని నాన్న అడిగారు, ఎవరో అలా చేశారట. బాబాయి గొంతు పెంచడం నేను అప్పుడే విన్నాను. బైమెటల్‌నీ ఫ్యూజ్‌నీ దాటేసి హీటర్‌కి కరెంటిస్తే వేడి మితిమీరినప్పుడు దాన్ని ఆపే నాథుడు ఉండడు. చుట్టూ ఉన్నది ప్లాస్టిక్, ఫోమ్. పైగా మా ఫ్రిజ్ కంప్రెసర్ మీద పసుపు త్రికోణంలో మంట బొమ్మ ఉంది, గ్యాస్ పేరు ఆర్600ఎ అని రాసి ఉంది. అది ఐసోబ్యూటేన్, మన వంటగ్యాస్ జాతిదే. ఉండేది 50 గ్రాములు కూడా కాదు కానీ నిప్పుకి అంటుకుంటుంది. అలాంటి ఫ్రిజ్ గొట్టాలకి ఇంట్లో మంటపెట్టి అతుకులు వేయనివ్వకూడదని కూడా అప్పుడే చెప్పారు.

పాత బిళ్లని చేతిలో పట్టుకుని, లోపలి స్టిక్కర్ మీది మోడల్ నంబర్ ఫోన్‌లో ఫొటో తీసుకుని గవర్నర్‌పేట వెళ్లాను. పాత ముక్క తీసుకెళ్లడం చాలా అవసరం. రెండు వైర్లవి, ఫ్యూజ్ కలిసొచ్చే నాలుగు వైర్లవి, కట్ అయ్యే డిగ్రీల్లో తేడాలున్నవి, చూడటానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. ఫ్యూజ్‌తో కలిపి 280 రూపాయలు అయింది.

బిగించడం గంట పని. పాతది ఏ గొట్టం మీద ఏ వంపులో ఉందో విప్పకముందే ఫొటో తీసుకున్నాను, కొత్తదాన్ని అక్కడే నొక్కి క్లిప్పు వేశాను. అతుకులకి మామూలు టేప్ వద్దన్నారు, తడికి వారంలో ఊడుతుంది. వేడికి బిగుసుకునే స్లీవ్ తొడిగాం. తర్వాత కాయిల్ కింది కంతలో గ్లాసుడు నీళ్లు పోస్తే అక్కడే నిలిచాయి, గొట్టంలోనూ ఐసు బిగుసుకుంది. మేనల్లుడి మందు సిరంజితో గోరువెచ్చటి నీళ్లు కొట్టగా కొట్టగా, చివరికి జర్రున దిగిపోయాయి.

తలుపు చుట్టూ రబ్బరు కూడా ఆ పూటే చూశాం. చీటీ పెట్టి తలుపు మూసి లాగితే కింది మూలలో సులువుగా వచ్చేసింది. అక్కణ్నుంచే తేమ గాలి లోపలికి వచ్చి మంచుని ఇంకా పెంచుతోంది. సబ్బునీళ్లతో జిడ్డు తుడిచి, వేడినీళ్ల గుడ్డతో సాగదీస్తే సర్దుకుంది. ఎండాకాలం కదా అని మేం ఫ్రీజర్ నాబ్‌ని ఆఖరికి తిప్పి ఉంచాం. మా మోడల్‌లో ఆ నాబ్ డ్యాంపర్‌ది. దాన్ని ఎంత పెంచితే కిందికి గాలి అంత తగ్గుతుందట. మధ్యకి తెచ్చాం. పక్కగోడలు వెచ్చగా ఉండటం మాత్రం రోగం కాదు, వేడిని బయటికి వదిలే గొట్టాలు ఆ గోడల లోపలే ఉంటాయి.

ఫ్రిజ్ ఆన్ చేశాక ఇన్సులిన్ వెంటనే తేలేదు. గ్లాసుడు నీళ్లలో థర్మామీటర్ పెట్టి మధ్య అరలో ఉంచాను. మర్నాడు పొద్దున 4 డిగ్రీలు. వారం గడిచింది, 4. పదో రోజు దాటింది, అంతకుముందైతే ఈపాటికి మళ్లీ మూసుకుపోయే రోజు. స్విచ్ నొక్కిపట్టి చెయ్యి పెడితే చల్లటి గాలి వేళ్ల సందుల్లోంచి దూసుకొచ్చింది. అప్పుడు వెళ్లి పిన్నిగారి దగ్గర డబ్బా తెచ్చాను. గాలి కంతకి దూరంగా పెట్టాను, ఇన్సులిన్ గడ్డకట్టినా పనికిరాదు.

ఆ రాత్రి కరెంటు స్థిరంగా ఉంది, వీధిలో సద్దుమణిగింది. రెండింటప్పుడు కంప్రెసర్ ఆగింది. కాసేపటికి వంటింట్లోంచి టప్, టప్ అని వినపడింది. నాన్న మంచం మీంచే మెల్లగా పిలిచారు. "అమ్మాయ్, ట్రేలో నీళ్లు పడుతున్నాయి."