రికార్డింగ్ కంప్యూటర్‌కు విండోస్ తిరిగి వేసుకున్న నా అనుభవం

తెనాలిలో మా ఇంటి వెనకగది గోడలకు పాత బొంతలు వేలాడదీసి, కిటికీకి దళసరి తెర కట్టి, ఆరేళ్లుగా అక్కడే పాటలు, వాద్యాలు రికార్డు చేసుకుంటున్నాను. ఆ గదిలో ఉన్న కంప్యూటర్ 2019లో విడిభాగాలు కొని బిగించుకున్నది. అందులో 9వ తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, విండోస్‌కు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, వాద్యాల నమూనా శబ్దాలకు మరో ఎస్‌ఎస్‌డీ, రికార్డింగులన్నీ దాచుకునే 2 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. రెండు మైకులు తగిలించుకునే ఆడియో ఇంటర్‌ఫేస్, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కలిస్తే అదే మా స్టూడియో. కిందటి కార్తీకమాసం దాకా దానికి మళ్లీ విండోస్ వేయాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ నెలలో ఒక సాయంత్రం నాన్నగారు వయొలిన్ మీద భైరవి ఆలాపన మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు దాటాక కమాను దించి, చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి, “ఒరే అబ్బాయ్, శ్రుతిలో ఏదో టిక్కుమంటోంది. అన్నంలో రాయి తగిలినట్టుంది, నువ్వు విన్నావా?” అని అడిగారు. నేను విన్నాను. రెండు మూడు వారాలుగా వింటూనే ఉన్నాను కాని, మైకు తీగ వదులై ఉంటుందని సరిపెట్టుకుంటూ వచ్చాను. ఆ రాత్రి ఫైలు తెరిచి, టిక్కుమన్న చోట తరంగాన్ని బాగా పెద్దదిగా చేసి చూశాను. కమాను లాగుడుకు నున్నగా పైకీ కిందికీ సాగుతున్న గీత ఒక్కసారిగా తెగి, వేరే ఎత్తులో మళ్లీ మొదలైంది. 22 నిమిషాల ఆలాపనలో అలా తెగిన చోట్లు 9 కనిపించాయి. మృదంగం దెబ్బల మధ్యన అయితే చెవికి అంతగా తెలియకపోవచ్చు. కాని నిలకడగా సాగే వయొలిన్ స్వరంలో, వెనక తంబూర మోగుతుండగా, ఆ తెగిన చోటును అతికినా గమకం దగ్గర చిన్న కుదుపు మిగిలిపోతుంది.

తీగ తప్పు కాదని అప్పుడే అర్థమైంది. నేను సెకనుకు 48,000 నమూనాల (తరంగం ఎత్తు కొలతల) చొప్పున, ఒక్కో విడతకు 128 నమూనాలు పట్టే బఫర్‌తో రికార్డు చేస్తాను. అంటే కంప్యూటర్ ప్రతి 2.67 మిల్లీసెకన్లకు ఒకసారి ఇంటర్‌ఫేస్ నుంచి శబ్దాన్ని అందుకుని, తాను పంపవలసింది పంపాలి. ఆ గడువు ఒక్కసారి తప్పినా మధ్యలో ఖాళీ పడి టిక్కుమంటుంది. లేటెన్సీమాన్ అనే ఉచిత పరీక్షా సాధనాన్ని అరగంట నడిపి చూస్తే, ఏదో ఒక డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపి పనిచేయించే ప్రోగ్రాము) ఒక్కో సారి 3,100 మైక్రోసెకన్ల దాకా ప్రాసెసర్‌ను తన పనికే పట్టి ఉంచుతోందని తేలింది. డ్రైవర్ల అత్యవసర పనులకు మామూలు ప్రోగ్రాముల కంటే ముందు వరుస ఉంటుంది, అవి ముగిసేదాకా రీపర్ ఆగవలసిందే. 2,670 మైక్రోసెకన్ల గడువున్న పనికి 3,100 మైక్రోసెకన్లు అడ్డుపడితే ఏమవుతుందో వివరించనక్కర లేదు. జాబితాలో నెట్‌వర్క్‌కు సంబంధించిన ఫైలు పైన కనిపించింది గనుక వైఫై ఆపి చూశాను. టిక్కులు తగ్గాయి గాని పోలేదు. బఫర్‌ను 512కు పెంచితే టిక్కులు పోయేవే, కాని అప్పుడు తాను వాయించిన స్వరం తనకే ఆలస్యంగా వినిపిస్తోందని నాన్నగారు ఇబ్బంది పడ్డారు.

ఆరేళ్లలో ఆ యంత్రంలోకి ఎన్ని చేరాయో లెక్క లేదు. ప్రయత్నించి వదిలేసిన ప్లగిన్లు (రీపర్‌కు తోడుగా శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములు), పాత ప్రింటర్ డ్రైవర్లు, మదర్‌బోర్డుతో పాటు వచ్చిన ఫ్యాన్ల నియంత్రణ ప్రోగ్రాము, మా తమ్ముడు ఒక వేసవిలో వేసుకున్న ఆటలు, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎలాగూ విండోస్ 11కు మారాలి. ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేస్తే ఈ చెత్తంతా వెంట వస్తుంది కాబట్టి, డిస్కును పూర్తిగా తుడిచి కొత్తగా వేయడానికే నిశ్చయించుకున్నాను.

విండోస్ వేయడానికి పట్టిన సమయం అరగంట లోపే. దానికి సిద్ధం కావడానికి రెండు రోజులు పట్టింది. ఎవరైనా ఈ పని తలపెడితే ఆ రెండు రోజులను కుదించుకోవద్దని నా మనవి.

మొదట ఒక నోటుపుస్తకం తీసుకుని, ఉన్న ప్రతి ప్లగిన్ పేరు, దాని వెర్షన్, దాని లైసెన్సు ఏ పద్ధతిలో ఉందో రాసుకున్నాను. కొన్నింటికి సీరియల్ నంబరు చాలు. కొన్నింటికి సంస్థ వారి ఖాతాలోకి వెళ్లి ఈ కంప్యూటర్‌కు ఇచ్చిన అనుమతిని ముందే రద్దు చేసుకోవాలి. ఐలాక్ అనే లైసెన్సుల పద్ధతిలో లైసెన్సును కంప్యూటర్‌లోనే ఉంచుకున్నవారు డిస్కు తుడవక ముందే దాన్ని వెనక్కి ఖాతాలోకి పంపాలి, లేకుంటే కొత్త విండోస్‌ను అది వేరే యంత్రంగా లెక్కిస్తుంది. నా దగ్గర అలాంటివి మూడు ఉండగా, మూడింటినీ వెనక్కి పంపి, ఖాతాలో కనిపిస్తున్నాయో లేదో తమ్ముడి లాప్‌టాప్‌లో చూసి మరీ నోటుపుస్తకంలో టిక్కు పెట్టుకున్నాను.

ఈ జాబితా రాస్తుండగానే గుండె జారిన సంగతి ఒకటి బయటపడింది. 2020లో మా నాయనమ్మ పాడిన మంగళహారతులు, తులసి పాటలు పదకొండు రికార్డు చేశాను. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ ప్రాజెక్టులన్నింటిలో ఆవిడ గొంతుకు గుడి మంటపంలో పాడినట్టు ప్రతిధ్వని చేర్చిన ప్లగిన్ ఒకటి ఉంది. దాన్ని చేసిన చిన్న సంస్థ తన లైసెన్సు సర్వర్‌ను మూసేసింది. అంటే పాత విండోస్‌లో అది పనిచేస్తున్నంత కాలమే పనిచేస్తుంది, ఒకసారి తుడిచాక మళ్లీ అనుమతి తెచ్చుకునే దారి లేదు. గొంతు ఎటూ పోదు, ఫైళ్లు ఉంటాయి. కాని ఆ వేసవి రాత్రుల్లో ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, “ఇంకాస్త గుళ్లో ఉన్నట్టు రావాలిరా” అంటే వినిపిస్తూ కుదుర్చుకున్న ఆ ధ్వని మాత్రం పోతుంది.

అందుకని ఒక రోజంతా కూర్చుని, పదకొండు పాటల్లో ప్రతి ట్రాకునూ రెండు విధాలుగా విడి వేవ్ ఫైళ్లుగా తీశాను. ఒకటి ఏ హంగూ లేని గొంతు, రెండోది ప్రతిధ్వని కలిసిన గొంతు. అన్నీ పాట మొదటి సెకను నుంచే మొదలయ్యేలా తీస్తే, రేపు ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసుకున్నా పక్కపక్కన సరిగ్గా కూర్చుంటాయి. 24 బిట్ల లోతుతో ఒక మోనో ట్రాకుకు నిమిషానికి 8.64 ఎంబీ, స్టీరియోకు 17.28 ఎంబీ అవుతుంది. ఈ రోజుల్లో అదేమంత చోటు కాదు. తులసి పాటలో రెండో చరణం ముందు ఆవిడ సన్నగా దగ్గి, గాజులు సవరించుకున్న చప్పుడు ఉంది. మొదట్లో దాన్ని కత్తిరించి ఉంచాను. ఈసారి కత్తిరించని పాఠం కూడా ఒకటి తీసి పెట్టాను.

మిగిలిన ప్రాజెక్టులను రీపర్‌లో ‘సేవ్ యాజ్’ ఇచ్చి, వాడుకున్న శబ్దాలన్నీ ప్రాజెక్టు ఫోల్డరులోకే కాపీ అయ్యే ఎంపికతో భద్రపరచసాగాను. కొన్ని పాత మృదంగం పాఠాలకు మాత్రం అలా చేయడం మరచిపోయాను, దాని ఫలితం తరువాత చెబుతాను. రీపర్ అమరికలను, కీబోర్డు సత్వర మార్గాలను దాని ప్రిఫరెన్సెస్‌లోనే ఒక ఫైలుగా ఎగుమతి చేసుకోవచ్చు. ప్లగిన్లలో మనం దాచుకున్న ప్రీసెట్లు, అంటే మనం కుదుర్చుకున్న అమరికలు మాత్రం డాక్యుమెంట్స్‌లోనూ, మామూలుగా కంటికి కనిపించని యాప్‌డేటా ఫోల్డరులోనూ చెల్లాచెదురుగా ఉంటాయి. వాటిని వెతికి తీయడానికే ఒక పూట పట్టింది. మొత్తం 410 జీబీ తేలింది. బయటి డిస్కులు రెండింటిలోకి కాపీ చేసి, అందులోంచి ఐదు ప్రాజెక్టులను తమ్ముడి లాప్‌టాప్‌లో తెరిచి వినేదాకా నాకు ధైర్యం చాలలేదు. కాపీ అయిందన్న సందేశం వేరు, ఫైలు తెరుచుకుని మోగడం వేరు.

మూడో రోజు ఉదయం పని మొదలుపెట్టాను. 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో ముందు రోజే సిద్ధం చేసుకున్నాను. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కావాలి. మా బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత అమరికల తెరలో) అది పీటీటీ అన్న పేరుతో ఆపి ఉంటే ఆన్ చేసి, సెక్యూర్ బూట్ కూడా ఆన్ చేశాను. తరువాత క్యాబినెట్ మూత తీసి, రికార్డింగుల హార్డ్ డిస్కుకూ నమూనాల ఎస్‌ఎస్‌డీకీ ఉన్న తీగలు రెండూ ఊడదీశాను. విండోస్ వేసేటప్పుడు వచ్చే డిస్కుల పట్టికలో ఒక్క వరుస తేడాతో వేరే డిస్కును తుడిచేయడం ఎంత సులువో తెలిసినవాడిని. అక్కడ ఒకే ఒక్క డిస్కు కనిపిస్తుంటే ఆ భయమే ఉండదు. బూట్‌కు కావలసిన భాగాలను సెటప్ మరో డిస్కులో పెట్టే అవకాశమూ ఉండదు. సెటప్ ఇంటర్నెట్ అడుగుతుంది కాబట్టి హాల్లోని రూటర్ నుంచి లాన్ తీగ లాక్కొచ్చాను. పాత విండోస్ 10 లైసెన్సునే అది గుర్తించి, ఏ కీ అడగకుండా యాక్టివేట్ అయింది.

మొట్టమొదట చూసుకున్నది డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే చదవలేనట్టు డిస్కును తాళం వేసే సదుపాయం. విండోస్ 11 ఇటీవలి వెర్షన్లను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్తే, చాలా యంత్రాల్లో డిస్కు దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. అది భద్రతకు మంచిదే. కాని 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో తెలియకుండా రేపు మదర్‌బోర్డు పాడైతే మన డిస్కు మనకే తెరుచుకోదు. ఇంట్లోనే ఉండే యంత్రం గనుక నేను సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేశాను.

ఈ ప్రయత్నం మొత్తంలో నాకు అన్నిటి కంటే ఉపయోగపడిన పని తరువాతది. ఏమీ వేయని ఆ ఖాళీ విండోస్‌లో లేటెన్సీమాన్ నడిపాను. అరగంటలో గరిష్ఠం 180 మైక్రోసెకన్లు. ఆ అంకెను నోటుపుస్తకంలో రాసి, అక్కడి నుంచి ఒక్కొక్కటే వేస్తూ ప్రతిదాని తరువాత పది నిమిషాలు పరీక్షించాను. చిప్‌సెట్ డ్రైవర్ వేశాక 190. గ్రాఫిక్స్ డ్రైవర్ వేశాక 310. ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన, రికార్డింగ్‌కు వాడే ఏసియో డ్రైవర్ వేశాక కూడా అంతే. వైఫై కార్డు డ్రైవర్ వేయగానే 1,900. ఫ్యాన్ల ప్రోగ్రాము వేసి చూస్తే ప్రతి రెండు సెకన్లకూ ఒక ఎగుడు. పాత విండోస్‌లో ఈ రెండూ కలిసి పనిచేస్తుండబట్టే వైఫై ఒక్కటీ ఆపితే టిక్కులు పూర్తిగా పోలేదు. దోషం ఒకటే ఉంటుందనుకుని వెతికినంత కాలం నాకు అది దొరకలేదు. ఫ్యాన్ల ప్రోగ్రామును తీసేసి, వాటి వేగాన్ని బయోస్‌లోనే కుదిర్చాను. వైఫైని డివైస్ మేనేజర్‌లో ఆపి, గోడ వెంబడి లాన్ తీగను శాశ్వతంగా బిగించాను.

పవర్ ప్లాన్‌ను హై పెర్‌ఫార్మెన్స్‌కు మార్చడం, యూఎస్‌బీ పోర్టులు నిద్రపోకుండా చూడడం, విండోస్ సొంత చప్పుళ్లు ఇంటర్‌ఫేస్‌లోకి రాకుండా ఆపడం వంటివి వేగంగానే ముగిశాయి. ఇంటర్‌ఫేస్‌ను హబ్‌కు కాక నేరుగా వెనక పోర్టుకు తగిలించాను.

అప్పుడు డిస్కుల తీగలు మళ్లీ పెట్టి, ఒక పాత మృదంగం పాఠం తెరిస్తే ట్రాకులన్నీ ఖాళీగా, ఫైళ్లు దొరకలేదన్న సందేశంతో నిలబడ్డాయి. ఒక్క క్షణం కాళ్లలో వణుకు పుట్టింది. విషయం ఏమిటంటే, విండోస్ ప్రతి డిస్కుకూ ఒక ఇంగ్లీషు అక్షరం ఇస్తుంది; ఇంతకు ముందు E అక్షరంతో ఉన్న నమూనాల డిస్కు ఇప్పుడు Dగా, Dగా ఉన్న రికార్డింగుల డిస్కు Eగా మారాయి. ప్రాజెక్టు ఫోల్డరులోనే శబ్దాలున్నవి ఎప్పటిలాగే మోగాయి. బయటి దారిని నమ్ముకున్నవి మాత్రం దారి తప్పాయి. పాత అక్షరాలు నోటుపుస్తకం మూడో పేజీలో ఉన్నాయి గనుక, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రెండింటినీ తారుమారు చేశాక పాఠాలన్నీ తెరుచుకున్నాయి. ఆ సాయంత్రమే వాటినీ శబ్దాలతో సహా వాటి ఫోల్డర్లలోకి చేర్చాను.

ప్లగిన్ల విషయంలో ఈసారి చేయి బిగపట్టాను. జాబితాలో 74 ఉంటే, గత రెండేళ్లలో నిజంగా వాడినవి 19. వాటినే వేశాను. అన్నీ కుదిరాక, రోజువారీ వాడుక మొదలుపెట్టక ముందే విండోస్ ఉన్న సీ డ్రైవ్ మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు పూర్తి నకలుగా తీసి బయటి డిస్కులో పెట్టాను. మళ్లీ ఎప్పుడైనా అవసరపడితే ఈ మూడు రోజుల పని గంటలో తిరిగి వస్తుంది.

రాత్రి భోజనాలయ్యాక నాన్నగారిని పిలిచాను. “అయిపోయిందా? ఈసారి రాళ్లు ఏరేశావా?” అంటూ వచ్చి, తీగలు సవరించుకుని, అదే భైరవి అందుకున్నారు. బఫర్ 128 మీదే ఉంచాను. ఆయన 41 నిమిషాలు వాయించారు. నేను తెర వంక చూడకుండా కళ్లు మూసుకుని విన్నాను. పంచమం మీద నిలిచి, మెల్లగా కిందికి దిగి షడ్జమం చేరినంత సేపూ తంబూర ఎక్కడా తెగలేదు. ఆయన కమాను దించాక మొదటి నుంచి చివరి దాకా మరోసారి ఇద్దరం కలిసి విన్నాం. మధ్యలో ఒక చోట వీధిలో వెళ్తున్న బండి చప్పుడు సన్నగా పడింది. “అది ఉండనీ” అన్నారు. ఫైలుకు తేదీ వేసి, ఆ రాత్రే రెండు డిస్కుల్లోకీ కాపీ చేసి పడుకున్నాను.