బస్సు బోర్డుల మీద ఛందస్సు

మా బిడ్డ పదో తరగతి. ఒక ఆదివారం రాత్రి తెలుగు పుస్తకం నా ముందట పెట్టి, "నాన్నా, ఈ పద్యపాదానికి గణవిభజన చేసియ్యవా?" అన్నది. నాకు యాదికున్నది 'యమాతారాజభానసలగం' ఒక్కటే. బడిలో మంత్రం లెక్క బట్టీ పట్టిన. అది దేనికి పనికొస్తదో ఎవరూ చెప్పలే, నేనూ అడగలే. "రేపు మీ సారునడుగు" అని తప్పించుకున్న గానీ, నిద్ర పట్టలే.

మా గల్లీలో రిటైరైన తెలుగు సారు ఒకాయన ఉంటడు. ఆయన దగ్గరికి పోయిన. పుస్తకం తీస్తడనుకుంటే తియ్యలే. "నీ నౌకరి దేవరకొండల గదా తమ్మీ. సోమవారం బస్సెక్కినప్పుడు బోర్డుల మీదున్న ఊర్ల పేర్లు రాసుకొని రా" అన్నడు.

శనివారం చీటీ పట్టుకపోయిన. మొదటి పేరు నల్లగొండ. హ్రస్వం లఘువు, దీర్ఘం గురువు, సున్న ఉన్నది గురువు, అంతవరకు తెలుసు. 'ల్ల' బరువుగా పలుకుతున్నది గదా అని దాని మీద గురువు పెట్టిన. సారు నవ్విండు. "బస్సుల ఎన్కటోడు తోస్తే నొచ్చేదెవనికి? ముందటోనికి. ద్విత్వమైనా సంయుక్తమైనా ముందటి అక్షరాన్నే గురువు చేస్తది." అంటే 'న' గురువు, 'ల్ల' లఘువు, 'గొం' గురువు, 'డ' లఘువు. తర్వాత పాలమూరు, అదే మా మహబూబ్‌నగర్, రాస్తే మళ్ల అదే వరస. కల్వకుర్తి కూడ అంతే. మూడూర్లూ ఒక్క నడకనే నడుస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నేండ్ల సంది ఈ పేర్లు నోట్ల నానుతున్నయి, ఎన్నడూ వినబడలే.

ఈ గురువులు, లఘువుల గుంపునే గణం అంటరు. గురువు, దాని ఎన్క లఘువు వస్తే హగణం. మూడు లఘువులైతే నగణం. ఈ రెండే సూర్యగణాలు. నల, నగ, సల, భ, ర, త ఆరు ఇంద్రగణాలు. జడ్చర్ల, గద్వాల తగణాలు, వనపర్తి సలం. ఇక ఆ మంత్రం సంగతి: ఏ అక్షరం పట్టుకుంటే దాని నుంచి మూడక్షరాలే ఆ గణం. ఆఖరి 'ల' ఒట్టి లఘువు, 'గం' ఒట్టి గురువు; నలం అంటే నగణానికి ఒక లఘువు తగిలించినట్టు. 'యమాతా' అంటే యగణం, లఘువు రెండు గురువులు. బడిల ఈ ఒక్క మాట చెప్పుంటే ఎంత బాగుండె!

యతి దగ్గర మళ్ల తికమక. సంస్కృతంలో యతి అంటే ఆగే చోటు. మనకట్ల గాదు, పాదం మొదటి అక్షరానికి, యతిస్థానంలోని అక్షరానికి స్నేహం కుదరాలె. హల్లుతో పాటు దాని మీది అచ్చూ కలవాలె. ఛందస్సు సూత్రాలు రాసిన అప్పకవి 41 రకాల యతులు చెప్పిండంట. "నీకు ఇప్పటికి రెండు సాలు" అన్నడు సారు.

"మన పాలమూరోళ్లకు పద్యాలెక్కడొస్తయి సారూ" అని ఒకసారి నోరు జారిన. సారుకు కోపమొచ్చింది. తెలంగాణల కవులే లేరన్నందుకు 1934ల 354 మంది కవులతోని 'గోలకొండ కవుల సంచిక' తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ఎక్కడోడని అడిగిండు. మా పాలమూరోడే. నోరు మూసుకున్న.

అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు కావాలనే ప్రాస నియమం లేదని, ఆటవెలది పద్యం ఎంచుకున్న. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతి. రెండో పాదం 'కల్వకుర్తి కాడ కన్ను మూసె' అని రాసిన. సారు వేళ్ల మీద లెక్కేసి, "గణాలు కుదిరినయి, యతి కుదిరింది. నువ్వే సచ్చిపోయినవ్" అన్నడు. వాళ్లింట్ల అందరూ ఒక్కటే నవ్వుడు. ఆఖరికి ఇట్ల తేలింది:

పాలమూరు నుండి బస్సెక్కి పోతుంటె
కల్వకుర్తి కాడ కన్నులంటె
నిద్ర లేచి చూడ నేనెక్కడో యుంటి
నల్లగొండ జేరె నాదు బస్సు

జరిగిన ముచ్చటే. ఆ సోమవారం దేవరకొండల దిగుడు మర్చిపోయి ఆఫీసుకు సెలవు పెట్టిన. 'నాదు' అన్నది గణం నింపనీకే వచ్చిందని సారుకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన పెన్సిలుతో దాని కింద గీత గీసి వదిలేసిండు.

మా బిడ్డ పరీక్ష అయిపోయింది, దానికి ఛందస్సు అక్కర తీరింది. నేను మాత్రం కందపద్యం దగ్గర ఆగిన. బేసి స్థానాల్ల జగణం రావద్దు, మొదటి పాదం నుంచి వరసగ లెక్కేస్తే వచ్చే ఆరో గణం నలమో జగణమో అయితీరాలె, పైగా ప్రాస. 'కందము చెప్పినవాడే కవి' అని ఊకెనే అనలే. మూడు వారాల సంది రెండో పాదంల ఆరో గణం కాడ్నే తిరుగుతున్న. ఈసారి దేవరకొండల దిగిన గానీ, టిఫిన్ డబ్బా బస్సులనే మరిచిన.