దీక్షలో మానిన మాత్రలు

మా తమ్ముడికి మూర్ఛ వ్యాధి ఉందని తెలిసిన నాటి నుంచి, ఉదయం 8 గంటలకూ రాత్రి 8 గంటలకూ వాడు మాత్ర వేసుకోగానే గోడ మీది క్యాలెండర్‌లో ఒక గీత గీయడం మా ఇంట్లో అలవాటు. ఏడాదిన్నర పాటు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. నిరుడు భవానీ దీక్ష తీసుకున్నప్పుడు, దీక్షలో ఇంగ్లీషు మందులు ఎందుకని ఎవరో అన్న మాట పట్టుకుని, వాడు మాకు చెప్పకుండా మాత్రలు మానేశాడు. గీతలు మాత్రం రోజూ గీస్తూనే వచ్చాడు. నాలుగో రోజు తెల్లవారుజామున తలస్నానం చేస్తూ పడిపోయాడు. మొదటి ఫిట్ నుంచి తెలివి రాకముందే రెండోది మొదలైంది.

సూర్యారావుపేటలోని ఆసుపత్రికి చేర్చిన తరువాత డాక్టరు గారు చెప్పినది నేను ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. ఈ మందులు మూర్ఛను వేళ్లతో పెకలించవు. రక్తంలో తగినంత ఉన్నంతసేపు మాత్రమే మెదడులోని విద్యుత్ అలజడిని అణచి ఉంచుతాయి. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ తిరిగి రావడమే కాదు, ఒకదాని వెంట ఒకటిగా వచ్చి ప్రాణం మీదికి తేగలవు. ఫిట్ 5 నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా మరొకటి వచ్చినా, చేతిలో తాళంచెవులు పెడుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మందు మానడమనేది సాధారణంగా కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాక, డాక్టరు నిర్ణయించి నెలల తరబడి మోతాదు తగ్గిస్తూ చేసే పని.

మోతాదు పెంచుకోవడమూ అంతే ప్రమాదం. మా వాడు వాడే ఫెనిటాయిన్ ఒక స్థాయి దాటితే కాలేయం దానిని పెరిగిన మేరకు వదిలించుకోలేదు కనుక, మోతాదు కొంచెమే పెరిగినా రక్తంలో బాగా పేరుకుని, నడక తూలడం, చూపు రెండుగా కనిపించడం మొదలవుతాయి. అందుకే ఒక పూట మరిచిపోతే తరువాతి పూట రెండు మాత్రలు కలిపి వేసుకోరాదు. మందుల షాపులో అదే మందును వేరే కంపెనీది ఇస్తే, డాక్టరును అడగకుండా మార్చవద్దు. క్షయకు వాడే రిఫాంపిసిన్ వంటివి ఈ మందుల బలాన్ని తగ్గిస్తాయి కాబట్టి, పంటి డాక్టరుకైనా సరే మన మందుల చీటీ చూపించవలసిందే.

కార్బమాజెపైన్, లామోట్రిజిన్, ఫెనిటాయిన్ వంటి మూర్ఛ మందులు మొదలుపెట్టిన తొలి వారాలలో ఒంటి మీద దద్దుర్లు వస్తే, ముఖ్యంగా జ్వరమూ నోటిలో పుండ్లూ తోడైతే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మాత్రం ఆడపిల్లల సంగతి. పెళ్లికి అనర్హతల జాబితా నుంచి మూర్ఛను 1999లోనే చట్టం తొలగించినా, సంబంధం చెడిపోతుందని జబ్బు దాచిపెట్టి పంపుతున్నారు. ఆ పిల్ల అత్తవారింట్లో ఎవరూ చూడకుండా మాత్ర మింగే వీలులేక మానేస్తుంది. మరొక సంగతి, గర్భిణులు వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వాడితే పుట్టే ప్రతి 100 మంది శిశువులలో సుమారు 10 మందికి పుట్టుకతో లోపాలు ఉండవచ్చు. అందుకే గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్చుకోవాలి. గర్భం వచ్చిందని తెలిసి భయపడి తనంతట తాను మానేస్తే, ఫిట్స్ వల్ల తల్లికీ బిడ్డకూ కీడు జరుగుతుంది.

ఈ ఏడు మా తమ్ముడు మళ్లీ మాల వేసుకునే ముందు, దీక్ష ఇచ్చే గురుభవానిని అడిగాడు. మందు మానమని అమ్మవారు ఎన్నడూ చెప్పలేదని ఆయన అన్నారు. దీక్ష పూర్తయ్యే దాకా సరిపడే మాత్రలు కొని తెచ్చి, పూజ గది గూటిలో వాడే పెట్టుకున్నాడు. క్యాలెండర్ మీద గీత ఇప్పుడు అమ్మ గీస్తోంది.