ఇంటి ఇన్సూరెన్సుల జాగ రేటు కలపకుండ్రి

2023 జూలైల వరంగల్ భద్రకాళి చెరువు కట్ట తెగినప్పటి సంది మా గల్లీల ఇంటి ఇన్సూరెన్స్ ముచ్చటే నడుస్తుంది. ఏజెంట్ మా ఇంటికి 60 లక్షలు రాసిండు, అండ్ల సగం జాగ రేటే, అరే జాగ యాడికి కొట్టుకపోతది? మళ్ల కట్టుకోనీకి ఎంతైతదో గంతకే రాయమంటే ప్రీమియం సగానికి దిగింది.

భారత్ గృహ రక్ష అని 2021 ఏప్రిల్ సంది వచ్చిన పాలసీ తీస్కోండ్రి, వరద, అగ్గి, పిడుగు అన్నీ వస్తయ్, సామాన్లకు గూడ బిల్డింగ్‌కు రాసిన మొత్తంల 20 శాతం, మాక్సిమం 10 లక్షల దాక అండ్లనే కవర్. అసలు షరతులు అన్ని కంపెనీలల్ల ఒకటే కాబట్టి ఎవరు తక్కువకిస్తే వాళ్ల దగ్గరికే పోవచ్చు.

దొంగతనం ముచ్చట మాత్రం సక్కగ సదువుండ్రి, వరదో అగ్గో అయినంక 7 రోజుల లోపు సామాన్లు ఎత్తుకపోతెనే పైసలిస్తరు, ఊరికి పోయినప్పుడు తాళం పలగ్గొడితె రాదు, దానికి వేరే కవర్ తీస్కోవాలె.