మా తమ్ముడి మంచు ట్రెక్కు

మా తమ్ముడు ఫ్రెండ్స్‌తో కలిసి జనవరిలో ఉత్తరాఖండ్‌కు మంచు ట్రెక్కు వెళ్తున్నాడు. అందరూ కర్నూలులో పుట్టి పెరిగినవాళ్లే. వాళ్ల టెన్షనంతా చలి గురించే. ఏ జాకెట్ కొనాలి, ఎన్ని జతల సాక్సులు పెట్టుకోవాలి అని. "ఎండ కాస్తుంటే భయం లేదు కదక్కా?" అన్నాడు మొన్న. నా భయం సరిగ్గా ఆ ఎండ రోజు గురించే, ఆరోజు కొండ మీది మంచు చరియగా విరిగిపడటం గురించే.

మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. సీజన్ మొదట్లో కొద్దిగా పడి, ఆపైన విపరీతమైన చలి పెడితే, ఆ అడుగు పొర ఒకదానికొకటి అంటుకోని పలుకులుగా మారుతుంది. దాని మీద కొత్త మంచు పడుతుంది. గాలి కొండకు ఒక పక్కనున్న మంచును ఎత్తుకెళ్లి రెండో పక్క గట్టిగా దట్టిస్తుంది. వాలుగా పరిచిన జొన్నల మీద బేతంచెర్ల నాపరాయి పెట్టినట్టన్నమాట. వాన వెలిసినట్టు మంచు పడటం ఆగి, ఆకాశం తేటపడగానే అందరూ ఉత్సాహంగా బయల్దేరతారు. కింద పొర మాత్రం ఇంకా ఆ బరువుకు అలవాటు పడి ఉండదు. ప్రమాదాల్లో చాలావరకు ఆ పై మంచు బండను కదిలించేది అక్కడ చిక్కుకున్న మనిషో, పక్కనున్నవాడో. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే ఇది ఎక్కువ. నడుస్తుంటే కాళ్ల కింద 'వుంఫ్' అని మంచు కుంగిన చప్పుడు వచ్చినా, అడుగు పక్కనుంచి పగులు పారినా వెనక్కి తిరగాల్సిందే.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు విరిగిపడి పదిమంది సైనికులు కూరుకుపోయారు. అందులో మన కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆ వారమంతా మా ఇంట్లో టీవీ ఆపలేదు. ఆ పదిమందిలోనే ఉన్న హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణంతో బయటపడ్డారు, కానీ 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశారు. చాలామందికి ఆ ఆరు రోజులే గుర్తున్నాయి. మామూలుగా అయితే కూరుకుపోయినవాళ్లను పది, పదిహేను నిమిషాల్లో తీయాలి. అరగంట దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. ఆలోపు ఏ హెలికాప్టరూ రాదు. పక్కన నడిచేవాళ్లే తవ్వాలి.

అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా బీకన్ (కూరుకుపోయినవాళ్లు ఎక్కడున్నారో సిగ్నల్‌తో చూపే చిన్న పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార ఉండాలంటాను. ఆదివారాలు వాళ్లను తుంగభద్ర ఇసుకలోకి తీసుకెళ్తున్నాను. ఒక బీకన్‌ను సంచిలో చుట్టి పూడ్చి, రెండోదానితో వెతికిస్తున్నాను. సిగ్నల్ త్వరగానే దొరుకుతోంది. టైమంతా తవ్వడానికే పోతోంది. అందుకే తేలికని ప్లాస్టిక్ పారలు కొనొద్దన్నాను.

బీకన్లు ఇస్తారా అని ట్రెక్కు నడిపేవాళ్లను అడిగితే, "మా దారిలో అవసరం రాదు" అన్నారట. దారి చదునుగా ఉంటే చాలదు, పైనున్న వాలు కూడా చూడాలి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన డీజీఆర్‌ఈ అనే ల్యాబ్ మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది గానీ, అవి ప్రాంతం మొత్తానికి. మనం దాటబోయే ఆ ఒక్క వాలు సంగతి అందులో ఉండదు. మ్యాప్ తెప్పించుకుని చూస్తే రెండు చోట్ల దారి పైన 30 డిగ్రీలు దాటిన వాలులు కనిపించాయి. ఆ రెండు చోట్లా ఏ టైముకు దాటిస్తారు, ఒక్కొక్కరినే పంపుతారా అని రేపు నేనే ఫోన్ చేసి అడుగుతాను. మిగతా డబ్బు ఆ తర్వాతే కట్టమన్నాను.