జ్వాలాపురం బూడిద గుంతలు

"గుప్తనిధుల కోసం వచ్చినారా సార్?"

గొర్రెలు కాసుకుంటున్న పెద్దాయన డొంకతిరుగుడు లేకుండా అడిగేశాడు. నా చేతిలో టార్చిలైటు, భుజాన సంచి, పక్కన మా బావమరిది మెడలో కెమెరా. కర్నూలు పల్లెల్లో ఆ వేషానికి ఇంకో అర్థం ఉండదు. కాదు పెద్దాయనా, బూడిద చూడ్డానికొచ్చాం అన్నాను. దాంతో అనుమానం ఇంకా పెరిగినట్టుంది. నిధులన్నా నమ్మేవాడేమో.

అసలు మేం హైదరాబాదు నుంచి బయల్దేరింది యాగంటికి. బావమరిదికి మొక్కు ఉంది. దారిలో ఒక్క గంట నాకిమ్మని ముందే ఒప్పందం చేసుకున్నాను. బేతంచెర్ల దాటినప్పటి నుంచి రోడ్డుకు రెండువైపులా నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలే. బనగానపల్లె దాటాక ఫోన్లో మ్యాపు మమ్మల్ని తీసుకెళ్ళి ఓ కందిచేను గట్టు మీద నిలబెట్టి, 'మీరు గమ్యం చేరారు' అంది. కారు వెనక్కి తిప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒప్పందంలో ఆ ఇరవై నిమిషాలూ నా ఖాతాలోనే పడ్డాయి.

చివరికి దారి చూపించింది ఆ పెద్దాయనే. "బూడిద గుంతలా? అట్ల చెప్పల్ల గదా!" అని గొర్రెల్ని మనవడికి అప్పజెప్పి మా ముందు నడిచాడు.

జుర్రేరు వాగు లోయ అది. చుట్టూ చదునైన తలలున్న కొండలు, మధ్యలో చేలు. ఆ చేల మధ్య మనిషి లోతు, కొన్నిచోట్ల అంతకన్నా లోతు గుంతలు. గుంత గోడలో ఎర్రమట్టి కింద తెల్లగా, కాస్త బూడిద రంగుగా మందమైన పొర. మొదట చూస్తే సున్నం అనుకుంటాం. వేళ్ళ మధ్య నలిపితే తెలుస్తుంది తేడా. సున్నంలా మెత్తగా జారదు, సన్నగా గరగరమంటుంది. మైక్రోస్కోపు కింద ఇది గాజు. అగ్నిపర్వతం లోపల నురగలా పొంగిన లావా బుడగలు పగిలితే మిగిలిన గాజు పెంకులు. తాళాల గుత్తికి మా అమ్మ కట్టిన చిన్న ఇత్తడి గంట ఉంది, నల్లబడిపోయి. చిటికెడు బూడిద తీసి, ఉమ్మి తడితో రుద్దాను. నాలుగు రుద్దులకే పసుప్పచ్చగా మెరిసింది.

పెద్దాయన నవ్వాడు. "దానికే గదా సార్ తవ్వింది."

నిజమే. గిన్నెలు తోమే పౌడర్ల కోసం ఈ బూడిదను తవ్వి అమ్మేవాళ్ళు. ఆ తవ్వకాలు పొరల్ని కోసి పెట్టినట్టు బయటపెట్టాయి. ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయం నుంచి రవి కోరిశెట్టర్, కేంబ్రిడ్జి నుంచి మైకేల్ పెట్రాగ్లియా అనే పురావస్తు శాస్త్రవేత్తలు తమ బృందంతో వచ్చి ఈ గోడల్నే చదివారు.

ఈ బూడిద ఇండోనేషియాలోది. సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ళ కిందట పేలింది. అది పేలిన చోట ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవున్న సరస్సు ఉంది. అక్కడి నుంచి ఇక్కడికి రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే. ఆకాశం నుంచి నేరుగా రాలింది కొన్ని అంగుళాలే. చుట్టుపక్కల వాలుల మీద పడ్డదంతా వానలకు కొట్టుకొచ్చి పల్లంలో పేరుకుంది కాబట్టి ఇక్కడ రెండు మీటర్లు దాటిన చోట్లున్నాయి. ఆ పేలుడుతో భూమి చల్లబడి మనుషులు దాదాపు తుడిచిపెట్టుకుపోయారని 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ అనే మానవశాస్త్రవేత్త వాదించాడు. అదే నిజమైతే బూడిద కింద పనిముట్లు దొరకాలి, పైన దొరక్కూడదు.

దొరికాయి. కిందా దొరికాయి, పైనా దొరికాయి. సున్నపురాయి, చెకుముకి లాంటి రాళ్ళను కొట్టి తీసిన పెచ్చులు, గీకుడు రాళ్ళు, రెండుచోట్లా దాదాపు ఒకే పద్ధతి. బూడిద కింద, అరగదీసిన ఎర్ర కావిరాయి ముక్క కూడా. వయసు కట్టడానికి ఇసుక రేణువుల్ని వాడారు. రేణువు చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో లెక్కగట్టే పద్ధతి అది. గోడలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, వెలుతురు తగలకుండా మట్టి తీసి, ల్యాబులో చీకట్లోనే పరీక్ష చేస్తారు. పైపొరకీ కిందిపొరకీ వచ్చిన లెక్కలు టోబాకు అటూ ఇటూ ఉన్నాయి. 2007లో సైన్స్ పత్రికలో వేశారు.

ఇదంతా పెద్దాయనకు నాకు తోచిన మాటల్లో చెప్పాను. ఆయన బీడీ ముట్టించి, గోడ వైపు చూస్తూ అడిగాడు: "అయితే బూడిదకు ముందున్నోళ్ళు, ఎనకున్నోళ్ళు ఒగటేనా సార్? మనట్లాంటి మనుసులేనా?"

నేను ఇంతదూరం వచ్చింది ఆ ప్రశ్న కోసమే. పెట్రాగ్లియా బృందం ఈ రాళ్ళను ఆఫ్రికాలో మన జాతి మనుషులు, అంటే హోమో సేపియన్స్, చేసిన వాటితో పోల్చి, చేసింది బహుశా మనవాళ్ళే అంది. 2013లో పాల్ మెల్లార్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త, ఆయన సహచరులు కాదన్నారు. మనవాళ్ళు ఇండియాకు వచ్చింది టోబా తర్వాతే, ఈ రాళ్ళు అంతకుముందున్న వేరే మానవజాతివి అని వాళ్ళ వాదన. తేల్చడానికి ఒక్క ఎముక లేదు. మనదేశంలో దొరికిన పాతకాలపు పుర్రె అంటే 1982లో అరుణ్ సోనాకియాకు నర్మదా ఒడ్డున హత్నోరాలో దొరికిన చిప్పే, అది ఏ జాతిదో కూడా ఇంకా తగాదానే. సైబీరియా చలిలో డెనిసోవా గుహ చిటికెనవేలి ఎముక ముక్క నుంచి 2010లో ఒక కొత్త మానవజాతినే పట్టుకున్నారు. మన ఎండలకు డీఎన్ఏ అంతకాలం నిలవడం కష్టం. చెన్నై దగ్గర అత్తిరాంపాక్కంలో ఇదే తరహా పనితనం 3,85,000 ఏళ్ళ కిందటే ఉందని 2018లో తేలాక, రాయిని బట్టి మనిషిని చెప్పడం ఇంకా చిక్కయింది. నాకైతే మెల్లార్స్ వైపే కాస్త మొగ్గు. ఇవాళ్టికి మాత్రమే.

"తెలీదు పెద్దాయనా" అన్నాను.

"ఎవరో తెలీకుండానే ఇంతదూరం తెచ్చావా బావా?" అన్నాడు మా వాడు, గుంత గట్టు మీద నుంచి.

ఈ ఎముకల వేట ఈ ప్రాంతానికి కొత్త కాదు. నియాండర్తల్ అనే పాత మానవజాతి పుర్రె గురించి తొలినాళ్ళలోనే రాసిన ఇంగ్లండు శాస్త్రవేత్త హక్స్‌లీ, కర్నూలు గుహల్లో ఆదిమానవుడి ఎముకలు వెతికించమని మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించాడు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు 1884, 85ల్లో బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు తవ్వారు. ఖడ్గమృగం ఎముకలు దొరికాయి, ఇంకా ఎన్నో జంతువులవి దొరికాయి. హక్స్‌లీ కోరిన పూర్వీకుడు మాత్రం దొరకలేదు. ఆ గుహలూ చూద్దామనుకున్నాను గానీ ఒప్పందం గంట కదా.

తిరిగొస్తుంటే వాగు గట్టున చేతివేలంత రాతి పెచ్చు కనిపించింది. ఒక అంచు పలచగా, బొటనవేలికి సరిగ్గా సరిపోయే నొక్కు. ట్రాక్టరు చక్రం కింద పగిలిందైనా అయ్యుండొచ్చు. ఫొటో తీసుకుని అక్కడే పెట్టేశాను. ఇలాంటివి ఉన్నచోటు నుంచి కదిలిస్తే ఉత్త రాళ్ళే. పెద్దాయనకు డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు, బీడీకట్ట కొనిస్తే తీసుకున్నాడు.

యాగంటి చేరేసరికి దర్శనానికి పెద్ద లైను. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటే నీళ్ళు తెల్లగా పారాయి. చెప్పుల అడుగున పట్టింది మాత్రం వదల్లేదు. కారు మ్యాట్లు కూడా నన్నే దులపమన్నాడు బావమరిది.