గిన్నె కింద దాచిన గొడుగులు

రాత్రంతా ఉరుములతో వాన. తెల్లవారగానే మేనత్త గంప, చిన్న గునపం తీసుకుని బయలుదేరింది. వెనకే నేను. టేకు తోపులో ఒక పాత పుట్ట పక్కన పది పన్నెండు తెల్లటి గొడుగులు, నడినెత్తిన మొనదేలి నిలబడి ఉన్నాయి.

"పీకకు, తవ్వు" అంది. తవ్వుతుంటే కాడ ముల్లంగి తోకలా సన్నబడుతూ జానెడు లోతుకు పైనే దిగింది. ఆ కొస చెదల గూడు దాకా వెళుతుంది. చెదలు ఎండుపుల్లలు నమిలి, గూట్లో ఈ శిలీంధ్రాన్ని పెంచుకుని తింటాయి. వానలకు అదే పైకి గొడుగు విప్పుతుంది. 1942లో రోజర్ హైమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ ప్రజాతికి చెద పేరు కలిపి టెర్మిటోమైసిస్ అన్నాడు. మనం ఏనాడో పుట్టగొడుగు అనేశాం.

తిరిగి వస్తూ తోపు అంచున గడ్డిలో పళ్లెమంత గొడుగు కనిపిస్తే గొప్పగా కోసి చూపించాను.

"అది కుక్కగొడుగు. కింద పుట్ట ఏది? మెడకు ఆ పట్టీ ఏమిటి?" అంది, చేయి కూడా వేయకుండా.

నాకు రెండూ తెల్లగానే ఉన్నాయి. విషమైతే వెండి చెంచా నల్లబడుతుందనే మాటను నేను నమ్మను. అందుకే పాత క్యాలెండరు కాగితం వెనక వైపు ఒక్కో టోపీ బోర్లించి, పైన స్టీలు గిన్నెలు మూశాను. టోపీ కింది రేకుల నుంచి విత్తనాల్లాంటి సన్నటి సిద్ధబీజాలు పొడిలా రాలి రంగు చెప్పడానికి కొన్ని గంటలు పడుతుంది. మధ్యాహ్నం మిరియాలు వేసి వండిన పుట్టగొడుగుల కూర ఇల్లంతా ఘుమఘుమలాడుతుంటే, నేను మాత్రం పెరుగన్నంతో సరిపెట్టుకున్నాను.

సాయంత్రం గిన్నెలు తీశాను. పుట్ట దగ్గరి దాని కింద లేత గులాబీ పొడి, గీతలు గీతలుగా. రెండోదాని కింద పాత పెసరపొట్టు లాంటి మాసిన ఆకుపచ్చ. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్! తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలతో మంచాన పడేస్తుంది. లేతగా ఉన్నప్పుడు దాని రేకులు కూడా తెల్లగానే ఉంటాయి, అదీ దాని మాయ. దాన్ని గోతిలో పూడ్చి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను.

కాగితం పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను. అత్తయ్య ఆ గులాబీ మరకను చూసింది, నన్ను చూసింది.

"కూర ఎప్పుడో అయిపోయిందే" అంది.